సాయంత్రం ఆకాశంలో తోకచుక్క: డాబా మీద అడిగే ప్రశ్నలు, జవాబులు

2024 దసరా రోజున, అంటే అక్టోబర్ 12న, సుచిన్‌షాన్–అట్లాస్ తోకచుక్క భూమికి అతి దగ్గరగా వచ్చింది. దగ్గరంటే సుమారు 7 కోట్ల కిలోమీటర్లు. అప్పటిదాకా తెల్లవారుజామున కనిపించినది ఆ రోజుల్లోనే సాయంత్రం ఆకాశంలోకి మారింది. తర్వాతి పది రోజులూ హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ డాబా మీదికి రోజూ ఎవరో ఒకరు వచ్చేవారు. వాట్సాప్‌లో ఫొటో చూసి వచ్చినవాళ్లు కొందరు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్లు కొందరు. వాళ్లలో దాదాపు సగం మంది చూడకుండానే దిగి వెళ్లారు. తోకచుక్క లేక కాదు, అరగంట ముందు వచ్చో, అరగంట ఆలస్యంగా వచ్చో. 2025 దీపావళికి లెమ్మన్ తోకచుక్క వచ్చినప్పుడు కూడా అవే ప్రశ్నలు, అవే పొరపాట్లు. అందుకని ఒకచోట రాసిపెడుతున్నాను. లెక్కలన్నీ హైదరాబాద్‌వి. మీ ఊరికి ఎలా మార్చుకోవాలో మధ్యలో చెబుతాను.

## సిటీలో ఉండి తోకచుక్క చూడటం అసలు కుదురుతుందా?

కుదురుతుంది. కాకపోతే ప్రతి తోకచుక్కా కుదరదు. టెలిస్కోపుకు అందేవి ఏటా చాలానే వస్తుంటాయి. సిటీ డాబా మీది నుంచి ఉత్త కంటికి కనిపించేది కొన్నేళ్లకొకటి.

1997లో హేల్–బాప్ వచ్చినప్పుడు వెతకాల్సిన పనే లేకపోయింది. వీధి దీపాల మధ్య నిలబడి తలెత్తినా తోకతో సహా కనిపించేది. అలాంటివి ఒక జీవితకాలంలో ఒకటో రెండో. 2024 అక్టోబర్‌ది రెండో రకం: ముందు బైనాక్యులర్‌తో చోటు పట్టుకుంటే, ఆ తర్వాత ఉత్త కంటికీ దొరుకుతుంది. 2023 ఫిబ్రవరి మొదట్లో దగ్గరికొచ్చిన జడ్‌టీఎఫ్, అదే పేపర్లన్నీ "ఆకుపచ్చ తోకచుక్క" అని రాసినది, మూడో రకం. అది సుచిన్‌షాన్–అట్లాస్ కంటే దగ్గరగా, సుమారు 4.2 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చింది. అయినా సిటీలో బైనాక్యులర్ లేకుండా దొరకలేదు. ఉన్నా చిన్న దూదిపింజలా అనిపించేది, అంతే.

వార్త వినగానే ఇది ఈ మూడింట్లో ఏ రకమో తెలుసుకుని డాబా ఎక్కండి. మూడో రకానికి పిల్లల్ని ఉత్త చేతులతో పైకి తీసుకెళ్తే, నిజంగా చూడాల్సినది వచ్చినప్పుడు వాళ్లు రారు.

## ఎన్నింటికి చూడాలి?

పొద్దు గుంకాక 35 నిమిషాల నుంచి గంట వరకు. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి.

సాయంత్రపు తోకచుక్క సూర్యుడికి దగ్గర్లో ఉంటుంది కాబట్టి సూర్యుడి వెనకే తనూ దిగిపోతుంటుంది. తొందరపడితే ఆకాశంలో ఇంకా వెలుగుంటుంది. ఆగితే అది దిగంతం దగ్గరి దుమ్ములోకి జారిపోతుంది. హైదరాబాద్‌లో పడమటి చుక్కలు గంటకు దాదాపు 14 డిగ్రీలు కిందికి దిగుతాయి. చెయ్యి చాచి పిడికిలి పట్టి కొలిస్తే పిడికిలిన్నర కంటే కొంచెం తక్కువ. అంటే మీరు కింద కాఫీ తాగి వచ్చేలోపు అది పక్కింటి వాటర్ ట్యాంకు వెనక్కి వెళ్లిపోవచ్చు. మనకున్న మేలు ఏమిటంటే, మన ప్రాంతంలో సూర్యుడు ఏటవాలుగా కాక దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు, చీకటి తొందరగా పడుతుంది. లండన్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు సంధ్య వెలుగు ఇంకా చాలాసేపు సాగుతుంది.

2024 అక్టోబర్ 15 లెక్క చూడండి. హైదరాబాద్‌లో సూర్యాస్తమయం 5:55 ప్రాంతంలో. 6:10 కల్లా శుక్రుడు స్పష్టం. 6:25కి స్వాతి నక్షత్రం. 6:30కి బైనాక్యులర్‌లో తోకచుక్క తల. 6:40కి ఉత్త కంటికి, అప్పుడు ఎత్తు సుమారు రెండు పిడికిళ్లు. 7:15 కల్లా ఒక్క పిడికిలి ఎత్తుకు దిగి మసకబారింది. మూడు రోజుల ముందు, 12న, అదే 6:40కి పిడికిలి ఎత్తు కూడా లేదు.

మీ ఊరి సూర్యాస్తమయం పంచాంగంలోనో క్యాలెండర్‌లోనో చూసుకోండి. హైదరాబాద్ కంటే విశాఖలో ఇరవై నిమిషాల ముందే పొద్దు గుంకుతుంది. టీవీలో "ఆరున్నరకు చూడండి" అన్నారంటే అది ఏ ఊరి ఆరున్నరో అడగండి.

## ఎటు చూడాలో ఎలా తెలుస్తుంది? కొలత ఎలా?

కొలతకు మీ చెయ్యి చాలు. చెయ్యి పూర్తిగా ముందుకు చాచి, ఒక కన్ను మూసి చూడండి. చిటికెన వేలి మందం 1 డిగ్రీ. మధ్య మూడు వేళ్లు కలిపితే 5. పిడికిలి 10. జాన పెడితే 20కి కాస్త పైన. పిల్లల చెయ్యి చిన్నది, చాచిన పొడవూ తక్కువే, కాబట్టి ఈ లెక్క వాళ్లకూ సరిపోతుంది.

తర్వాత కావలసింది గుర్తులు. సంధ్య వెలుగులో కనిపించే చుక్కలు తక్కువ, అదే మనకు మేలు. 2024 అక్టోబర్ 14, 15 తేదీల్లో నేను అందరికీ చెప్పిన దారి ఇది: నైరుతి వైపు బాగా వెలుగుతున్నది శుక్రుడు. కుడివైపు, కిందగా, కాస్త ఎర్రటి వెలుగుతో మిణుకుమంటున్నది స్వాతి. రెండింటినీ కలుపుతూ మనసులో ఒక తాడు కట్టండి. తాడు మధ్యలోంచి కొద్దిగా పైకి చూడండి. ఆ చోట బైనాక్యులర్ పెట్టి అటూ ఇటూ మెల్లగా జరిపితే ఒక్క నిమిషంలో దొరికేది. శుక్రుడికీ దానికీ మధ్య జాన దూరం.

ప్రతి తోకచుక్కకీ ఇలాంటి దారి ఒకటి ఉంటుంది, రోజురోజుకీ మారుతుంది. స్టెల్లేరియం, స్కైసఫారీ లాంటి యాప్‌లలో పేరు వెతికి, మీ ఊరు, సూర్యాస్తమయం తర్వాత 40 నిమిషాల సమయం పెట్టుకుని, దగ్గర్లో ఏ గ్రహం, ఏ పెద్ద చుక్క ఉన్నాయో ముందే కాగితం మీద గీసుకోండి. యాప్‌లో పాత సమాచారం ఉంటే చోటు తప్పుతుంది, వెళ్లే రోజున అప్‌డేట్ చేసుకోండి. ఫోన్‌లోని దిక్సూచిని నమ్మి తిప్పకండి. డాబా మీది ఇనుప చువ్వలు, డిష్ స్టాండ్ల దగ్గర అది పది, ఇరవై డిగ్రీలు తప్పు చూపడం నేను చాలాసార్లు చూశాను. శుక్రుడు తప్పు చూపడు.

## "మ్యాగ్నిట్యూడ్ 4, కంటికి కనిపిస్తుంది" అన్నారు. నాకెందుకు కనిపించలేదు?

మ్యాగ్నిట్యూడ్ అంటే ఆకాశంలో కనిపించే వెలుగుకు కొలత. ఆ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది, ఒక్కో అంకెకు రెండున్నర రెట్లు. స్వాతి సున్నా దగ్గర ఉంటుంది, ధ్రువ నక్షత్రం 2. ఊరికి దూరంగా మంచి చీకట్లో కన్ను 6 దాకా పోతుంది. హైదరాబాద్ నడిబొడ్డున 3 అందితే గొప్ప.

అదొక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. చుక్క వెలుగంతా ఒక్క బిందువులో ఉంటుంది, తోకచుక్క వెలుగు పరుచుకుని ఉంటుంది. గ్లాసు నీళ్లలో చెంచాడు పాలు పోస్తే తెల్లగా కనిపిస్తాయి. అదే చెంచాడు పాలు బిందెడు నీళ్లలో పోస్తే ఏవీ? పేపర్లో వచ్చే మ్యాగ్నిట్యూడ్ ఆ పాలన్నీ మళ్లీ చెంచాలోకి తీసి చెప్పిన లెక్క. కాబట్టి 4 అన్న తోకచుక్క 4 అన్న చుక్క కంటే చాలా మసకగా ఉంటుంది.

దీనికి తోడు గాలి. నడినెత్తిన చూసే గాలి మందంతో పోలిస్తే 30 డిగ్రీల ఎత్తులో దానికి రెట్టింపు గాలిలోంచి చూస్తాం, 10 డిగ్రీల ఎత్తులో అయిదు రెట్లకు పైగా. ఆ గాలిలోనే సిటీ దుమ్ము, పొగ అంతా ఉంటుంది.

నా లెక్క ఇలా ఉంటుంది: 1 లోపు అంటే సిటీలో కంటికి అవకాశం ఉంది. 1 నుంచి 3 దాకా బైనాక్యులర్‌తో పట్టి, ఆ తర్వాత కంటితో ప్రయత్నించాలి. 3 నుంచి 5 దాకా బైనాక్యులర్ తప్పనిసరి. 5 దాటితే ఊరు దాటాలి.

## బైనాక్యులర్ కొనాలా? టెలిస్కోప్ అయితే ఇంకా మంచిదా?

సాయంత్రపు తోకచుక్కకు టెలిస్కోప్ కంటే బైనాక్యులరే మేలు. 10×50 బైనాక్యులర్‌లో ఆరు, ఆరున్నర డిగ్రీల ఆకాశం ఒకేసారి కనిపిస్తుంది. వెతకడానికి కావలసింది అదే. టెలిస్కోప్‌లో డిగ్రీ ఆకాశం కూడా రాదు, దాన్ని సర్దుకునేలోపు ఉన్న 25 నిమిషాలూ అయిపోతాయి.

కొంటే 7×50 గానీ 10×50 గానీ తీసుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. "30×60" అని రాసి రోడ్డు పక్కన అమ్మేవి వద్దు. చేతిలో వణుకుతాయి, రాసిన అంకెలు కూడా నిజం కావు. మోచేతులు పిట్టగోడ మీద ఆనించి పట్టుకుంటే సగం వణుకు పోతుంది. ముందుగా శుక్రుడి మీదో దూరంగా ఉన్న సెల్ టవర్ ఎర్ర దీపం మీదో ఫోకస్ సరిచేసుకుని, ఆ తర్వాత ఆ చక్రాన్ని ముట్టుకోకండి. ఫోకస్ తప్పిన బైనాక్యులర్‌లో ప్రతి చుక్కా తోకచుక్కలాగే కనిపిస్తుంది.

ఒక్క హెచ్చరిక మాత్రం మనసులో పెట్టుకోండి. సూర్యుడు పూర్తిగా దిగిపోయేదాకా బైనాక్యులర్ పడమటి వైపు తిప్పకండి. పిల్లల చేతికి అసలే ఇవ్వకండి. అందులోంచి ఒక్క క్షణం సూర్యుడు కంట పడినా చూపు శాశ్వతంగా దెబ్బతింటుంది.

## చోటు తెలిసినా కంటికి దొరకడం లేదు. చూసే పద్ధతి ఏమైనా ఉందా?

ఉంది. మన భాషలో దానికి పేరు కూడా ఉంది: ఓరచూపు. మసక వెలుగును పట్టే కణాలు కంటి నడిమధ్యలో లేవు, చుట్టుపక్కల ఉన్నాయి. అందుకే సూటిగా చూస్తే మాయమయ్యేది, కాస్త పక్కకు చూస్తే తేలుతుంది.

ఆ వారంలో ఓ సాయంత్రం పక్క ఫ్లాట్ అమ్మమ్మగారు మెట్లెక్కి వచ్చారు. "నాకు చత్వారం బాబూ, నాకేం కనిపిస్తుంది" అంటూనే కుర్చీలో కూర్చున్నారు. చత్వారం దగ్గరి చూపుకే అమ్మమ్మగారూ, ఆకాశానికి అడ్డం రాదు అన్నాను. బైనాక్యులర్ బరువుగా ఉందని వద్దన్నారు. ఎదురింటి ట్యాంకు మూల, దాని మీద రెండు పిడికిళ్లు, అక్కడ కాకుండా ఆ పక్కన ఉన్న డిష్ వైపు చూడండి అని చెప్పాను. నిమిషం, రెండు నిమిషాలు. ఏమీ అనలేదు. తర్వాత చేత్తో గాల్లో కింది నుంచి పైకి ఒక గీత గీసి చూపించారు. "ఇట్లా ఉందీ, ముగ్గుపిండి అంటిన వేలితో రాసినట్టు. అదేనా?" అదే. వాలు కూడా సరిగ్గా చూపించారు.

దూరపు చూపుకు కళ్లద్దాలున్నవాళ్లు ఉత్త కంటితో చూసేటప్పుడు అవి పెట్టుకునే చూడాలి. బైనాక్యులర్‌లో అయితే తీసేసి ఫోకస్‌తో సర్దుకోవచ్చు, సైట్‌తో పాటు సిలిండర్ పవర్ కూడా ఎక్కువున్నవాళ్లు తీయకపోవడమే మంచిది. పక్కనున్నవాళ్ల ఫోన్ వెలుగు కంట్లో పడకుండా చూసుకోండి. డాబా లైటు ఆపించడానికి వాచ్‌మన్‌తో మధ్యాహ్నమే మాట్లాడి పెట్టుకోండి.

## నేను చూసింది తోకచుక్కేనని ఎలా నమ్మాలి?

ఎక్కువసార్లు మోసం చేసేది విమానం పొగచార. పొద్దు గుంకాక కూడా ఎత్తులో ఉన్న చారకు ఎండ తగులుతుంది, బంగారు రంగులో మెరుస్తుంది, అచ్చం తోకచుక్క ఫొటోలా. రెండు నిమిషాలు చూడండి. చార జరుగుతుంది, వెడల్పవుతుంది, విరిగిపోతుంది. తోకచుక్క చూస్తుండగా కదలదు. చుట్టూ ఉన్న చుక్కలతో కలిసి మెల్లగా దిగుతుంది, అంతే.

తోక దిక్కు చూడటం ఇంకా మంచి పరీక్ష. తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కుకు ఉంటుంది. కాబట్టి సాయంత్రం తల కిందికి, పొద్దు గుంకిన వైపుకు, తోక పైకి. తోక కిందికి వేలాడుతున్నట్టో దిగంతానికి అడ్డంగానో ఉంటే అనుమానించండి. 2024 అక్టోబర్ మధ్యలో మాత్రం ఒక వింత జరిగింది. తోకచుక్క దారిలో వదిలేసిన దుమ్ము పలకను భూమి అంచు వైపు నుంచి చూడటం వల్ల, సూర్యుడి వైపు కూడా సన్నటి సూదిలా ఎదురుతోక ఒకటి ఫొటోల్లో వచ్చింది. సిటీలో కంటికి అందలేదు.

రాలే చుక్కతో దీన్ని కలపకండి. ఉల్క అరక్షణంలో గీత గీసి ఆరిపోతుంది. అది మన వాతావరణంలో మండే ఇసుకరేణువంత ముక్క. తోకచుక్క కోట్ల కిలోమీటర్ల దూరంలో వారాల తరబడి ఉంటుంది. "ఇప్పుడే సర్రున పోయింది, చూశారా?" అని ఎవరైనా అంటే వాళ్లు చూసింది తోకచుక్క కాదు.

## ఫొటోలో ఆకుపచ్చగా, బారెడు తోకతో ఉంది. నాకు బూడిద రంగు మసకే కనిపించిందేం?

మీరు చూసిందే నిజం, ఫొటో కూడా నిజమే. కెమెరా పది, ఇరవై సెకన్ల వెలుగును కూడబెడుతుంది, అలాంటివి పదుల కొద్దీ కలిపి ఒక ఫొటో చేస్తారు. కన్ను కూడబెట్టలేదు. మసక వెలుగులో కంటికి రంగు తెలియదు కూడా. ఆ ఆకుపచ్చ మాత్రం కల్పించింది కాదు. రెండు కార్బన్ పరమాణువులు జంటగా ఉన్న వాయువు సూర్యకాంతికి అలా వెలుగుతుంది.

ఆ మసక దేనితో తయారైందో తెలిసి చూస్తే దాని విలువ వేరు. నడుమ కొన్ని కిలోమీటర్ల మంచు, దుమ్ము కలిసిన గడ్డ ఉంటుంది. అది మనకు కనిపించదు. సూర్యుడి వేడికి మంచు నేరుగా ఆవిరై, దుమ్మును ఎగజిమ్మి, లక్ష కిలోమీటర్ల మేర మసక తలను తయారుచేస్తుంది. ఆ దుమ్మును సూర్యకాంతి నెడితే పసుపు తెలుపు తోక. విద్యుదావేశం పొందిన వాయువును సౌరగాలి, అంటే సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహం, ఈడ్చుకుపోతే సన్నటి నీలి తోక. సిటీలో కనిపించేది దాదాపు ఎప్పుడూ దుమ్ముతోకే.

## ఫోన్‌తో ఫొటో తీయొచ్చా?

తీయొచ్చు. కంటికి దొరకనిది ఫోన్‌కు దొరికిన సందర్భాలు మా డాబా మీదే ఉన్నాయి. నైట్ మోడ్ పెట్టి, ఫోన్ కదలకుండా ఉండేలా పిట్టగోడ మీద అరకిలో కందిపప్పు ప్యాకెట్ పెట్టి దాని మీద ఆనించండి. గింజలు ఫోన్ ఆకారానికి సర్దుకుంటాయి, కావలసిన వాలుకు నిలబడుతుంది. మూడు సెకన్ల టైమర్ వాడండి, వేలు తగిలితే వణుకుతుంది. జూమ్ చేయకండి, 1× లోనే తీసి తర్వాత కత్తిరించుకోండి. మాన్యువల్ మోడ్ ఉంటే ఐఎస్ఓ 800, నాలుగు సెకన్లతో మొదలుపెట్టి ఆకాశం తెల్లబారితే తగ్గించుకోండి. మామూలు కెమెరాకు 50 మి.మీ. లెన్స్ ఉంటే అదే చాలు, ఫోకస్ శుక్రుడి మీద చేతితో సరిచేయండి.

తీసిన ఫొటోలో ఆకుపచ్చ చుక్క ఒకటి వీధిదీపానికి సరిగ్గా ఎదురుగా వస్తే అది లెన్స్‌లో దీపం ప్రతిబింబం. ఫోన్ కాస్త జరిపి మళ్లీ తీయండి, అది ఎగిరి ఇంకో చోటికి పోతుంది.

## డాబా మీద పడమర కనిపించదు. ఎక్కడికి వెళ్లాలి?

సాయంత్రపు తోకచుక్కకు ఒక్కటే సూత్రం: ఊరు మీ వెనక ఉండాలి. హైదరాబాద్ వాళ్లు చీకటి కోసం ఘట్‌కేసర్ వైపు వెళ్తే సిటీ వెలుగంతా సరిగ్గా పడమట, తోకచుక్క కిందే ఉంటుంది. అంతదూరం వెళ్లిన ఫలితం పోతుంది. చేవెళ్ల వైపు, వికారాబాద్ వైపు వెళ్లండి. అనంతగిరి కొండలదాకా వెళ్లే తీరిక ఉంటే ఇంకా మంచిది. ఊరు దాటలేకపోతే ట్యాంక్‌బండ్ మీద నిలబడి హుస్సేన్‌సాగర్ వైపు చూడండి. అది చెరువుకు తూర్పు గట్టు, పడమటంతా నీళ్లే. ఎదురుగా నెక్లెస్ రోడ్డు దీపాలుంటాయి, కానీ అడ్డుగా మేడలు దగ్గర్లో ఉండవు.

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీద నుంచి ఎగువకు చూస్తే కృష్ణ మీద పడమర తెరిపిగా ఉంటుంది. విశాఖ వాళ్లు తరచూ బీచ్‌కు వెళ్దామా అని అడుగుతారు. బీచ్ తెల్లవారుజాము తోకచుక్కలకు బంగారం లాంటి చోటు, సాయంత్రం వాటికి కాదు. సముద్రం తూర్పున ఉంది, పడమటంతా ఊరూ కొండలే. ఎత్తైన డాబా వెతుక్కోండి. తిరుపతిలో ఉత్తరం వైపు శేషాచలం కొండలు అడ్డం, 2020 జూలైలో నియోవైస్ లాగా వాయవ్యంలో వచ్చేవాటికి ఊరి దక్షిణానికి జరగాలి. ఆ నియోవైస్ జూలై మధ్యలో మెల్‌బోర్న్‌లోని మనవాళ్లకు రాత్రి ఆకాశంలోకే రాలేదు. దూరదేశాల్లో ఉన్నవాళ్లు ఇక్కడి వార్త చూసి కాక, తమ ఊరి పేరు పెట్టి యాప్‌లో చూసుకోవాలి.

ఎక్కడికి వెళ్లినా ఒక్కరే వెళ్లకండి. గట్ల మీద, రాళ్ల మీద వెలుగుండగానే చోటు చూసిపెట్టుకోండి.

## దీపావళి పొగ, వానాకాలం మబ్బు, పున్నమి వెన్నెల. వీటితో ఏం చేయాలి?

2025 అక్టోబర్ 21న లెమ్మన్ భూమికి అతి దగ్గరగా వచ్చింది. ఆ రోజు అమావాస్య, చంద్రుడి బెడద లేదు. అంతకంటే మంచి తేదీ దొరకదు, కానీ ముందురోజే దీపావళి. పడమర నుంచి వాయవ్యం దాకా పొగ పొరలుగా నిలిచింది. మ్యాగ్నిట్యూడ్ 4 చుట్టూ ఉన్న తోకచుక్కకు ఆ పొర చాలు. పొగ కిందే పేరుకుంటుంది కాబట్టి అలాంటప్పుడు తొందరగా, అది ఎత్తులో ఉండగానే బైనాక్యులర్‌తో వెతకాలి. గాలి వీచినా, చిన్న వాన పడినా మర్నాటి ఆకాశం కడిగినట్టుంటుంది. వాన వెలిసిన సాయంత్రాన్ని వదులుకోకండి.

వెన్నెలకు క్యాలెండర్ చాలు. శుక్లపక్షం చివర్లో సాయంత్రమే చంద్రుడు పైనుంటాడు, మసక తోకచుక్క దొరకడం కష్టం. పున్నమి దాటి తదియ వచ్చిందంటే చంద్రుడు బాగా చీకటిపడ్డాక గానీ రాడు, సాయంత్రం మనది. 2024లో అక్టోబర్ 17న పున్నమి. తోకచుక్క బాగా వెలిగిన రోజులు సరిగ్గా ఆ వెన్నెల్లో కలిశాయి. చీకటి తిరిగొచ్చేసరికి ఎత్తు పెరిగింది, వెలుగు తగ్గింది. అందుకే నేను ఎవరికైనా ఒక్క రోజు కాక నాలుగు సాయంత్రాలు అట్టిపెట్టుకోమని చెబుతాను.

## ఎంత వెలుగుతుందో ముందే కచ్చితంగా ఎందుకు చెప్పరు?

దారి కచ్చితంగా చెబుతారు, వెలుగు చెప్పలేరు. దారి గురుత్వాకర్షణ లెక్క. వెలుగు మాత్రం ఆ గడ్డలో ఎంత మంచుంది, ఎంత దుమ్ము లేస్తుంది, అసలు గడ్డ నిలుస్తుందా అన్నదాని మీద ఉంటుంది. 2013లో ఐసాన్ శతాబ్దపు తోకచుక్క అన్నారు. నవంబర్ 28న సూర్యుడికి మరీ దగ్గరగా వెళ్లి చెదిరిపోయింది. సుచిన్‌షాన్–అట్లాస్ సంగతి తిరగబడింది. సూర్యుణ్ని చేరకముందే ముక్కలైపోతుందని 2024 జూలైలో ఒక శాస్త్రవేత్త రాశారు. అది సెప్టెంబర్ 27న సూర్యుణ్ని చుట్టి నిక్షేపంగా బయటికొచ్చింది.

ఆ పైన అక్టోబర్ 9 ప్రాంతంలో అది భూమికీ సూర్యుడికీ ఇంచుమించు మధ్యకు వచ్చి ఒక్కసారిగా వెలుగు పెరిగింది. కిటికీలోంచి ఎండ పడేటప్పుడు ఎండకు ఎదురుగా నిలబడితే గాల్లో దుమ్ము మెరుస్తుంది కదా, అదే కారణం. కాకపోతే అప్పుడు సూర్యుడి పక్కనే ఉండటంతో చూసింది అంతరిక్షం నుంచి సూర్యుణ్ని గమనించే సోహో లాంటి కెమెరాలే.

## తోకచుక్క కనిపిస్తే అరిష్టమంటారు. గర్భిణులు, పిల్లలు చూడొచ్చా?

చూడొచ్చు. దాని నుంచి వచ్చేది చాలావరకు ప్రతిబింబించిన ఎండే, అదీ వెన్నెలతో పోలిస్తే ఎంతో తక్కువ. కంటికి గానీ కడుపులో బిడ్డకు గానీ ఏ హానీ లేదు. చీకట్లో డాబా మెట్లు ఎక్కేటప్పుడు జాగ్రత్త, అదొక్కటే.

1910 మేలో భూమి హేలీ తోకలోంచే వెళ్లింది. తోకలో విషవాయువు ఉందని ప్రపంచమంతా భయపడింది, ఏమీ కాలేదు. తోక అంత పల్చన. ఆ రోజుల్లోనే గురజాడ దాన్ని భూమిని చూసిపోవడానికి వచ్చిన దూరపు చుట్టంగా పద్యంలో పెట్టారు. భయపడే పెద్దవాళ్లకు నేను ఆ మాటే చెబుతాను. చుట్టం వచ్చి వెళ్తోంది, ఒక్కసారి పైకొచ్చి చూడండి అని.

## ఈ పేర్లు నోరు తిరగవు. ఎలా పెడతారు?

కనిపెట్టినవాళ్ల పేరు, లేదా కనిపెట్టిన అబ్జర్వేటరీ పేరు. సుచిన్‌షాన్ అంటే చైనాలోని పర్పుల్ మౌంటెన్ అబ్జర్వేటరీ, అట్లాస్ అంటే ఆకాశాన్ని గాలించే ఒక సర్వే, దాని దక్షిణాఫ్రికా టెలిస్కోప్‌కు ఇది దొరికింది. ముందుండే సి/2023 ఎ3 అన్నది దాని రిజిస్ట్రేషన్ నంబర్ లాంటిది: చాలా పెద్ద దారి ఉన్నది కాబట్టి సి, 2023 జనవరి మొదటి సగంలో దొరికింది కాబట్టి ఎ, ఆ సగంలో మూడోది కాబట్టి 3. లెమ్మన్ సి/2025 ఎ6. ఇక మీరే చదవగలరు.

హైదరాబాద్‌తో ముడిపడిన పేరూ ఒకటుంది. వేణు బాపు ఇక్కడే పెరిగారు, నిజాం కాలేజీలో చదివారు. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. 1949లో హార్వర్డ్‌లో పరిశోధన చేస్తూ ఒక ఫొటో పలక మీద కొత్త తోకచుక్కను గుర్తించారు. బాక్, న్యూకర్క్ అనే ఇద్దరితో కలిపి దానికి బాపు–బాక్–న్యూకర్క్ అని పేరు పెట్టారు. తర్వాత తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీని నిలబెట్టింది ఆయనే, ఇప్పుడు దానికి ఆయన పేరే ఉంది.

## సుచిన్‌షాన్–అట్లాస్ మళ్లీ వస్తుందా? హేలీ ఎప్పుడు?

80 వేల ఏళ్ల తర్వాత వస్తుందన్న మాట బాగా తిరిగింది. దాని దారిని బట్టి చూస్తే అసలు తిరిగి రాకపోవచ్చు కూడా. హేలీ మాత్రం 2061 జూలైలో సూర్యుడి దగ్గరికొస్తుంది. ఇప్పుడు బడికి వెళ్లే పిల్లలు తమ మనవలకు చూపిస్తారు.

## చూశాక ఏమైనా రాసిపెట్టుకోవాలా?

రాసుకోండి. పదేళ్ల తర్వాత ఫొటో చూస్తే ఎవరి ఫొటోనో గుర్తుండదు, మీ చేతి రాత ఉంటే ఆ సాయంత్రం గుర్తొస్తుంది. తేదీ, సమయం, నిలబడిన చోటు, దేనితో చూశారు, ఎంత ఎత్తు, తోక ఎన్ని వేళ్ల పొడవు, ఎటు వాలింది, ఎవరెవరున్నారు. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది:

"19 అక్టోబర్ 2024, శనివారం. సా. 6:45. మన డాబా, ట్యాంకు పక్కన. చంద్రుడు ఇంకా రాలేదు. శుక్రుడికి కుడివైపు, పైన. ఎత్తు మూడు పిడికిళ్లకు కాస్త తక్కువ. 10×50లో తల గుండ్రంగా, తోక రెండు వేళ్లు, పైకి, కొంచెం ఎడమకు. ఉత్త కంటికి ఓరచూపులో మాత్రమే, అదీ రెండుసార్లు. పైన ఏడుగురం. అమ్మమ్మగారు ఇవాళ కూడా వచ్చారు."